పెద్ద ట్రాన్సిస్టర్ వేస్తే మంచి ధ్వని రాదు

సంపాదకులకు నమస్కారం.

కిందటి నెల మీ విద్యార్థుల పేజీలో ఒక చిన్న జవాబు వచ్చింది. ఇంట్లో హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ తయారు చేసుకోవాలనుకుంటున్నాను, ఔట్‌పుట్‌లో ఏ ట్రాన్సిస్టర్ వెయ్యాలి అని ఒక కుర్రాడు అడిగాడు. 2ఎన్3055 అనే పెద్ద ట్రాన్సిస్టర్ వెయ్యమని, ట్రాన్సిస్టర్ ఎంత పెద్దదైతే ధ్వని అంత బాగుంటుందని, మన ఎండలకు కూడా అదే తట్టుకుంటుందని రెండు ముక్కల్లో చెప్పేశారు. ఆ రెండు ముక్కలూ తప్పే. రాసినవారిని తప్పు పట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ జవాబును నమ్మి డబ్బు ఖర్చు పెట్టిన పిల్లవాడు ఒకడు మా గుమ్మం దాకా వచ్చాడు కాబట్టి రాస్తున్నాను.

నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసుకుంటూ రిటైర్ అయ్యాను. మా ఎదురింటి అబ్బాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. మీ పేపర్ కటింగ్‌నూ, రెండు 3055లనూ అరచేతిలో పెట్టుకుని వచ్చాడు. "ఆంటీ, వీటికి కాళ్లు రెండే ఉన్నాయేంటి? మూడోది విరిగిపోయిందా?" అని అడిగాడు. విరిగిపోలేదు నాన్నా, మూడో కాలు దాని ఒళ్లే అని చెప్పాను. ట్రాన్సిస్టర్‌కు బేస్, ఎమిటర్, కలెక్టర్ అని మూడు కాళ్లుంటాయి. ఆ ఇనుప టోపీ లాంటి ట్రాన్సిస్టర్‌లో పైకి కనిపించే లోహమంతా కలెక్టరే. దాన్ని అలాగే అల్యూమినియం డబ్బాకు బిగిస్తే డబ్బా మొత్తానికి సప్లై వోల్టేజీ వచ్చేస్తుంది. మధ్యలో కరెంటును ఆపి వేడిని పోనిచ్చే మైకా బిళ్ల పెట్టాలి. మన గూడూరు గనుల్లో దొరికే అభ్రకమే ఈ మైకా. ఆ సంగతి చెబితే వాడు ఆశ్చర్యపోయాడు. మీ జవాబులో మైకా ఊసే లేదు.

అసలు సమస్య ఇంకొకటి. ట్రాన్సిస్టర్లలో ఎన్‌పీఎన్, పీఎన్‌పీ అని రెండు రకాలు, ఒకదానిలో కరెంటు పారే దిశకు ఎదురు దిశలో రెండోదానిలో పారుతుంది. వాడు కొన్న రెండూ 3055లే, రెండూ ఎన్‌పీఎన్‌లే. ఇలాంటి ఔట్‌పుట్ దశలో మామూలుగా రెండు ట్రాన్సిస్టర్లు పని పంచుకుంటాయి. ఒకటి తరంగంలో పైభాగాన్ని నెడుతుంది, రెండోది కింది భాగాన్ని లాగుతుంది. పైదానికి ఎన్‌పీఎన్, కిందిదానికి పీఎన్‌పీ కావాలి. 3055కు జత ఎంజే2955. మీ జవాబులో దాని పేరు లేదు. రెండూ ఎన్‌పీఎన్‌లతో నడిపే పద్ధతి కూడా ఉంది. ఔట్‌పుట్‌లో ఒకే రకం ట్రాన్సిస్టర్లు వాడే ఆ పద్ధతిని 1956లో లిన్ అనే ఆయన ప్రచురించారు. సిలికాన్ పీఎన్‌పీలు సరిగా దొరకని రోజుల్లో పాత ఆంప్లిఫయర్లు ఎన్నో దాని మీదే నడిచాయి. కానీ మొదటిసారి సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్న పిల్లవాడికి అది చెప్పాల్సిన సంగతి కాదు.

హెడ్‌ఫోన్‌కు ఎంత కరెంటు కావాలో ముందు లెక్క వేస్తే ట్రాన్సిస్టర్ పేరు ఆ లెక్కలోంచే వస్తుంది. మామూలు 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు 50 మిల్లీవాట్లు అంటే చెవి నొప్పి పెట్టేంత ఎక్కువ. ఆ 50 మిల్లీవాట్లకు వోల్టేజీ ఒకటింపావు, శిఖరం దగ్గర కరెంటు 56 మిల్లీ ఆంపియర్లు. స్టూడియోల్లో వాడే తరహా 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ అయితే అవే 50 మిల్లీవాట్లకు వోల్టేజీ దాదాపు 3.9, శిఖరం దగ్గర ఐదున్నర, కరెంటు 18 మిల్లీ ఆంపియర్లు. దీనికోసం 15 ఆంపియర్లు, 115 వాట్ల 3055 ఎందుకండీ? కొత్తిమీర కట్ట తేవడానికి లారీ మాట్లాడినట్టు ఉంటుంది.

పోనీ, పెద్దదైతే నష్టమేముంది అనవచ్చు. నష్టం ఉంది. 3055 నిదానంగా కదిలే ట్రాన్సిస్టర్. డేటా షీట్‌లో, అంటే తయారు చేసిన కంపెనీ ఇచ్చే వివరాల కాగితంలో, దాని వేగానికి ఇచ్చే హామీ రెండున్నర మెగాహెర్ట్జే. బీడీ139 అనే చిన్న ట్రాన్సిస్టర్‌కు ఫిలిప్స్ డేటా షీట్‌లో 190 మెగాహెర్ట్జ్ అని, దాని జత బీడీ140కి 160 అని ఉంటుంది. మన చెవి వినేది 20 వేల హెర్ట్జ్ లోపే కదా, అంత వేగం ఎందుకు అని ఎదురింటి అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్న. ఆంప్లిఫయర్‌లో ముందుండే ఆప్‌ఆంప్, అంటే ఎన్ఈ5532 లాంటి ఐసీ, ఔట్‌పుట్‌ను వెనక్కి తెచ్చుకుని చూసుకుంటూ తప్పును సరిదిద్దుతూ ఉంటుంది. మధ్యలో ఉన్న ట్రాన్సిస్టర్ నిదానంగా కదిలితే ఆ సమాచారం ఐసీకి ఆలస్యంగా చేరుతుంది. అది చేరేసరికి ఐసీ అవసరానికి మించి తోసేసి ఉంటుంది. అలా తోస్తూ లాగుతూ మొత్తం సర్క్యూట్ తనంతట తాను ఊగడం మొదలుపెడుతుంది. చెవికి ఏమీ వినపడదు, ట్రాన్సిస్టర్లు మాత్రం కాలిపోతుంటాయి. పైగా 3055 గెయిన్‌ను, అంటే బేస్‌కు ఇచ్చిన కరెంటును ఎన్ని రెట్లు చేస్తుందో ఆ అంకెను, డేటా షీట్‌లో 4 ఆంపియర్ల దగ్గర 20 నుంచి 70 అని చెబుతారు. బీడీ139లో చివర 16 అని ఉన్న రకానికి 150 మిల్లీ ఆంపియర్ల దగ్గర 100 నుంచి 250. 10 అని ఉన్న రకానికి 63 నుంచి 160. మన పని జరిగేది మిల్లీ ఆంపియర్లలో. అక్కడ బాగా పనిచేసేదాన్నే ఎంచుకోవాలి.

మరీ చిన్నదీ పనికిరాదు. బీసీ547, బీసీ557 ఏ కొట్టులోనైనా దొరుకుతాయి, రెండు మూడు రూపాయలు. వాటి హద్దు 100 మిల్లీ ఆంపియర్లు. 56 మిల్లీ ఆంపియర్లు హద్దు లోపలే కదా అనిపిస్తుంది కానీ అక్కడికి వెళ్లేసరికి వాటి గెయిన్ పడిపోవడం మొదలవుతుంది. ఇంకో ప్రమాదం హెడ్‌ఫోన్ పిన్ దూర్చే క్షణంలో ఉంది. పిన్ లోపలికి జారుతున్నప్పుడు దాని కొన ఒక్క క్షణం గ్రౌండ్‌ను తాకుతుంది. అప్పుడు ఔట్‌పుట్‌లో 5 వోల్టులు ఉన్నాయనుకోండి. ఎమిటర్ కాలికి వరుసలో నేను పెట్టే 4.7 ఓమ్‌ల రెసిస్టర్, బయట పెట్టే 10 ఓమ్‌లది కలిసి 14.7 ఓమ్‌లు అడ్డం ఉన్నా దాదాపు 340 మిల్లీ ఆంపియర్లు పారతాయి. బీడీ139 హద్దు ఒకటిన్నర ఆంపియర్ కాబట్టి దానికి ఏమీ కాదు. 547 అక్కడికక్కడే పోతుంది. ల్యాబ్‌లో పిల్లలు పిన్ దూర్చీ తీసీ పోగొట్టిన 547లు నేను సీసాల లెక్కన చూశాను.

టిప్41, టిప్42 గురించి కూడా ఒక మాట. మన మెకానిక్‌ల దగ్గర ఎప్పుడూ ఉంటాయి, 6 ఆంపియర్లు, గట్టివి. వేగానికి డేటా షీట్‌లో హామీ మాత్రం 3 మెగాహెర్ట్జే. దొరకనప్పుడు వాడవచ్చు, కానీ బీడీ139 ఉన్న చోట నేరుగా పెట్టకూడదు. అచ్చు ఉన్న వైపు నుంచి చూస్తే బీడీ139 కాళ్లు ఎడమ నుంచి ఎమిటర్, కలెక్టర్, బేస్. టిప్41కి బేస్, కలెక్టర్, ఎమిటర్. సరిగ్గా తిరగబడి ఉంటాయి. మా కాలంలో ఎస్ఎల్100, ఎస్‌కే100 అని గుండ్రటి లోహపు టోపీలతో వచ్చేవి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ల్యాబ్ అంతా అవే. వాటి మీద నాకు ఇప్పటికీ ప్రేమ ఉంది. కానీ ఇప్పుడు వాటిని వెతుక్కుంటూ తిరగమని పిల్లలకు చెప్పను.

నేను బీడీ139, బీడీ140 దగ్గర ఎలా ఆగానో చెప్పాలి. ఇది పుస్తకం చూసి చెబుతున్న మాట కాదు. మా ఇంట్లో కాలిపోయిన దాన్నుంచి నేర్చుకున్నది.

మా అమ్మకు 82 ఏళ్లు. తెల్లవారుజామునే లేస్తుంది. లేచిన వెంటనే ఆమెకు ఆకాశవాణి విజయవాడ కావాలి, భక్తిరంజని కావాలి. ఆ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. అమ్మ చిన్నప్పటి నుంచీ ఆ కేంద్రమే విని పెరిగింది. బాలమురళీకృష్ణ గారు అక్కడ పనిచేసిన రోజుల గురించి ఇంట్లో మనిషి గురించి చెప్పినట్టు చెబుతుంది. ఇంట్లో మిగతావాళ్ల నిద్ర చెడగొట్టడం ఆమెకు ఇష్టం ఉండదు, అందుకని రేడియోను చెవికి ఆనించుకుని వినేది. హైదరాబాద్‌లో ఉన్న మా మేనల్లుడు తను వాడటం మానేసిన హెడ్‌ఫోన్ తెచ్చి "నానమ్మా, ఇది పెట్టుకో" అని ఇచ్చాడు. మంచి హెడ్‌ఫోన్, 300 ఓమ్‌లది. ఫోన్‌కు తగిలిస్తే గుసగుసలాడినట్టు వినిపించింది. ఫోన్ ఇచ్చే వోల్టేజీ దానికి చాలలేదు. అదే నేను ఆంప్లిఫయర్ కట్టడానికి కారణం.

బస్సెక్కి వారధి దాటి విజయవాడ వెళ్లాను. గవర్నరుపేటలో ఒక కొట్టులో బీడీ139, 140 నాలుగు జతలు, ఎన్ఈ5532 రెండు, ప్లస్, మైనస్ 12 వోల్టులు నిలకడగా ఇచ్చే 7812, 7912 ఐసీలు, 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాను. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే ఇంకా చాలా రకాలు దొరికేవి, కానీ దీనికోసం హైదరాబాద్ దాకా ఎందుకనిపించింది. రెండు సాయంత్రాల్లో బోర్డు తయారైంది.

మొదటి రోజు బయాస్ లేకుండా, అంటే సంకేతం లేనప్పుడు కూడా ట్రాన్సిస్టర్లను మేలుకుని ఉంచే చిన్న కరెంటు లేకుండా, పెట్టి అమ్మకు వినిపించాను. ఆమెకు ఎలక్ట్రానిక్స్ తెలియదు. "వీణ మీటినప్పుడు బాగానే ఉందే, ఆ తీగ సన్నగిల్లేటప్పుడు చివర్లో బొంగురు పోతోంది" అంది. సరిగ్గా అదే జరుగుతుంది. ట్రాన్సిస్టర్ మేలుకోవడానికి 0.6 వోల్టులు కావాలి. పైది నిద్రపోయి కిందిది లేచే లోపల తరంగం మధ్యలో ఒక ఖాళీ పడుతుంది. ఆప్‌ఆంప్ దాన్ని పూడ్చాలని చూస్తుంది కానీ పూర్తిగా పూడ్చలేదు. పెద్ద స్పీకర్‌లో హోరుమని పాట పెడితే ఆ ఖాళీ మరుగున పడిపోతుంది. హెడ్‌ఫోన్‌లో వినేది చిన్న సంకేతం, చెవికి ఆనుకుని ఉంటుంది కాబట్టి ముందు వినపడేది ఆ ఖాళీయే. అందుకే రెండు ట్రాన్సిస్టర్లకూ ఎప్పుడూ కొంత కరెంటు పారుతూ ఉండాలి. నేను 20 మిల్లీ ఆంపియర్లు పెట్టాను. అంత పెడితే 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు శిఖరం దగ్గర కావాల్సిన 18 మిల్లీ ఆంపియర్ల దాకా రెండు ట్రాన్సిస్టర్లూ మేలుకునే ఉంటాయి, ఏదీ నిద్రపోదు. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కైనా 25 మిల్లీవాట్ల దాకా అంతే. మామూలుగా వినేది అందులో చిన్న వంతు.

బయాస్ పెట్టాక అమ్మ ఇంకేమీ అనలేదు. కళ్లు మూసుకుని గంటసేపు విన్నది.

తరువాత మే నెల వచ్చింది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనవాళ్లు ఊరికే అనలేదు. మా ముందుగదిలో మధ్యాహ్నం రెండింటికి థర్మామీటర్ 41 చూపించింది. ఆంప్లిఫయర్ డబ్బా లోపల ఇంకా ఎక్కువ. ఆ రోజు ఎమిటర్ రెసిస్టర్ మీద మల్టీమీటర్ పెట్టి చూశాను. ఉదయం ఆరింటికి 94 మిల్లీవోల్టులు, అంటే 4.7 ఓమ్‌ల మీద 20 మిల్లీ ఆంపియర్లు. మధ్యాహ్నానికి అది 210 అయింది. 45 మిల్లీ ఆంపియర్లు! నేను చూస్తుండగానే అంకె పెరుగుతోంది. స్విచ్ కట్టేద్దామని లేచేలోపే కాలిన వాసన వచ్చింది. ఎడమ చానల్ బీడీ140 పోయింది. అప్పుడు హెడ్‌ఫోన్ తగిలించి లేదు, అమ్మ భోంచేసి పడుకుని ఉంది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడ వస్తుంది.

కారణాలు రెండు కనిపించాయి. ఒకటి నా పొరపాటు. ట్రాన్సిస్టర్ వేడెక్కేకొద్దీ దాన్ని మేల్కొలపడానికి కావాల్సిన వోల్టేజీ డిగ్రీకి 2 మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతుంది. బయాస్ ఇచ్చే డయోడ్లు కూడా అదే లెక్కన తగ్గుతాయి, అందుకే వాటిని వాడతాం. కానీ నేను ఆ డయోడ్లను బోర్డు అవతలి అంచున, చూడటానికి పద్ధతిగా ఉంటుందని, వరుసలో నిలబెట్టాను. గది వేడి వాటికి తెలిసింది, ట్రాన్సిస్టర్ ఒంట్లో వేడి తెలియలేదు. బీడీ139 రకానికి హీట్‌సింక్, అంటే వేడిని లాగేసే లోహపు రెక్క, లేకపోతే ఒక్కో వాట్‌కు దాదాపు 100 డిగ్రీలు లోపల పెరుగుతుంది. 12 వోల్టుల దగ్గర 20 మిల్లీ ఆంపియర్లంటే పావు వాట్‌కు కాస్త తక్కువ, అంటే డబ్బాలో గాలి వేడి మీద 24 డిగ్రీలు అదనం. డయోడ్లకు ఆ 24 తెలియదు కాబట్టి వోల్టేజీ తగ్గించలేదు. కరెంటు పెరిగింది, దాంతో వేడి పెరిగింది, ఆ వేడికి కరెంటు మళ్లీ పెరిగింది. డిసెంబర్‌లో కట్టి ఉంటే ఈ లోపం బయటపడేదే కాదు. విదేశాల్లో చల్లని గదుల్లో గీసిన సర్క్యూట్లను మనం చూసి కట్టేటప్పుడు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

రెండో కారణం ట్రాన్సిస్టరే. నిజమైన బీడీ140 ఆ 45 మిల్లీ ఆంపియర్లకు కాలిపోకూడదు. లోపలి వేడి 100 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది, దాని హద్దు 150. అనుమానం వచ్చి మిగిలిన ఏడింటి గెయిన్ మల్టీమీటర్‌తో కొలిచాను. వీటి కాళ్లు మీటర్ రంధ్రాల్లో దూరవు, మూడు సన్నటి తీగలు సోల్డర్ చేసి పెట్టాల్సి వచ్చింది. 139లు నాలుగూ 148, 152, 155, 146. 140లు 138, 132, ఇంకొకటి 44. ఆ 44 దాని మీద అచ్చు మిగతావాటికంటే తెల్లగా ఉంది. గోళ్ల రంగు తుడిచే ద్రవంలో దూది ముంచి రుద్దితే అక్షరాలు ఊడివచ్చాయి. మిగతావాటి మీద ఎంత రుద్దినా చెక్కుచెదరలేదు. కాలిపోయినదాన్ని కటింగ్ ప్లయర్‌తో పగలగొట్టాను. నా పాత రేకు డబ్బాలో ఇరవై ఏళ్ల కిందటి బీడీ140 ఒకటి చెడిపోయింది ఉంటే దాన్నీ పగలగొట్టి పక్కన పెట్టాను. లోపలి సిలికాన్ ముక్క పాతదానిలో సగం కూడా లేదు. వేరే చిన్న ట్రాన్సిస్టర్‌కు పై పేరు మార్చి అమ్ముతున్నారు.

కొట్టతను మంచివాడే. తీసుకెళ్లి చూపిస్తే "మాకూ ఇలాగే వస్తున్నాయమ్మా, మేమేం చేస్తాం" అని వేరేవి ఇచ్చాడు. ఆయన మాటలో నిజం ఉంది. కానీ పదిహేను రూపాయల వస్తువు నకిలీ అయితే పోయేది పదిహేను రూపాయలు కాదు. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయి 12 వోల్టులు 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్ వైపు పోతే, ఆ 14.7 ఓమ్‌లు అడ్డం ఉన్నా హెడ్‌ఫోన్‌లో రెండు వాట్ల పైనే. జుట్టులా సన్నని తీగ చుట్ట అది, మాడిపోవచ్చు. అది పెట్టుకున్న మనిషి చెవిలో ఆ క్షణం ఎంత చప్పుడు వస్తుందో ఆలోచించండి.

ఇప్పుడు మా ఇంట్లో నడుస్తున్నది ఇదీ. కొలిచి చూసిన బీడీ139, 140 జతలు, రెండు చానళ్లకూ గెయిన్ దగ్గర దగ్గరగా ఉన్నవి. ఒక్కోదానికి చిన్న అల్యూమినియం రెక్క. డయోడ్‌ను ట్రాన్సిస్టర్ ఒంటికి ఆనించి, హీట్‌సింక్ పేస్ట్ రాసి, పైన స్లీవ్ తొడిగాను. బీడీ139కు కూడా వెనక లోహం కలెక్టరే కాబట్టి రెండింటికీ ఒకే రెక్క బిగించాలంటే మైకా తప్పదు. నేను విడివిడి రెక్కలు పెట్టి ఆ ఇబ్బంది తప్పించుకున్నాను. ఆ తరువాతి వారం అదే ఎండలో, అదే రెండింటికి చూస్తే 103 మిల్లీవోల్టులు, 22 మిల్లీ ఆంపియర్లు. గంట తరువాతా అంతే. మన ఎండలను తట్టుకోవడానికి పెద్ద ట్రాన్సిస్టర్ అక్కర్లేదు. ఔట్‌పుట్‌లో డీసీ, అంటే ధ్వని లేనప్పుడూ నిలిచి ఉండే వోల్టేజీ, ఒక వైపు 3 మిల్లీవోల్టులు, ఇంకో వైపు 4.

ఎదురింటి అబ్బాయికి కూడా ఇలాగే కట్టించాను. వాడికి ట్రాన్స్‌ఫార్మర్ వద్దన్నాను. మొదటిసారి కట్టేవాళ్లు 230 వోల్టుల జోలికి పోకూడదని నా పట్టుదల. రెండు 9 వోల్టుల బ్యాటరీలు చాలు, కొన్ని గంటలు వినడానికి సరిపోతాయి. హెడ్‌ఫోన్ బదులు ముందు 33 ఓమ్‌ల రెసిస్టర్ తగిలించి, డీసీ కొలిచి, వాల్యూమ్ సున్నాకు తిప్పి, ఆ తరువాతే హెడ్‌ఫోన్. వాడి సర్క్యూట్‌లో మొదట ఒక వైపు 180 మిల్లీవోల్టులు వచ్చింది. 20, 30 దాటితే హెడ్‌ఫోన్ తగిలించనివ్వను. వెతికితే ఒక రెసిస్టర్ సోల్డరింగ్ సరిగా అంటుకోలేదు. వాడే పట్టుకున్నాడు, నేను చెప్పలేదు. వాడి 3055లు రెండూ నా రేకు డబ్బాలో ఉన్నాయి. పవర్ సప్లై కట్టడం నేర్పించేటప్పుడు తీస్తాను, ఆ పనికి అవి చాలా మంచివి.

మీకు నా విన్నపం ఒక్కటే. ఆ జవాబుకు సవరణ వెయ్యండి, అదే పేజీలో, అదే చోట. మన జిల్లాల్లో పాలిటెక్నిక్‌లు, ఐటీఐలు, ఇంజనీరింగ్ కాలేజీలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. వాళ్లలో తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు డేటా షీట్ చూసి జంకుతారు. ఇరవై పేజీల ఇంగ్లిష్‌లో తమకు కావాల్సిన నాలుగు అంకెలు ఎక్కడున్నాయో వాళ్లకు తెలుగులో చెప్పేవాళ్లు లేరు. వారానికి అర పేజీ ఇస్తే చాలు. ట్రాన్సిస్టర్ కాళ్లు ఎలా గుర్తించాలి, నకిలీని ఎలా పట్టాలి, డేటా షీట్‌లో ముందు ఏ గడి చూడాలి, ఇవన్నీ నేను రాసి పంపుతాను. డబ్బు అక్కర్లేదు. ఆ కొట్టు ఆయన్ని కూడా అడిగాను, ట్రాన్సిస్టర్ తయారు చేసిన కంపెనీ పేరు బిల్లు మీద రాసివ్వడానికి ఒప్పుకున్నాడు. మిగతా కొట్లవాళ్లు కూడా ఆ పని చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

సవరణతో పాటు వెయ్యడానికి వీలుగా సర్క్యూట్ బొమ్మ గీసి ఈ ఉత్తరానికి జత చేశాను. నల్ల సిరాతో గీశాను, అచ్చులో స్పష్టంగా వస్తుంది. మీ ఆర్టిస్ట్ మళ్లీ గీస్తే దయచేసి ఒక్కటి చూసుకోమనండి. ఎమిటర్ రెసిస్టర్లు నాలుగింటి పక్కన 4.7 అని రాశాను. ఆ 4కీ 7కీ మధ్య చుక్క పోకూడదు. 47 అని అచ్చయితే పిల్లలు 47 ఓమ్‌లే కొని వేస్తారు, 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌లో బలం రాదు, మేం ఏం తప్పు చేశామా అని వాళ్లు వారం రోజులు వెతుక్కుంటారు. అందుకే చుక్కను కాస్త లావుగా పెట్టాను.

ఇట్లు,
రిటైర్డ్ ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్,
బ్రాడీపేట, గుంటూరు.